జెగ్గింగ్స్ అనే పేరులో రెండు బట్టలు

కరోనాకు ముందటి ఏడాది, హిందూపురం దగ్గరి గార్మెంట్స్ కంపెనీలో నన్ను మూడో లైనుకు సూపర్‌వైజరుగా వేసినారు. లైనంటే వరసగా మిషన్లు; ఒకామె కాలు కుడితే పక్కామె నడుము పట్టీ వేస్తుంది. నేను చదివింది ఐదో క్లాసు. అయినా దారం దండగ చేస్తే ఎవరినీ వదిలేదాన్ని కాదు.

ఆ నెల జెగ్గింగ్స్ ఆర్డరు వచ్చింది. శాంపిల్ చూస్తే అచ్చం జీన్స్ ప్యాంటే: పసుపు దారం కుట్లు, ముందర ఉత్తుత్తి జేబులు. అది చూసి, పైవాళ్లు మిషన్లు కూడా జీన్స్‌కి వేసినట్టే వేయించినారు. పక్క కుట్టు నూర్జహాన్‌కి పడింది. చిలమత్తూరు మనిషి. బెంగళూరుకు కూలికి పోయిన మొగుడు నడుము విరిగి ఇంట్లో పడినాడు, సంసారమంతా ఆమె జీతం మీదనే. ఆమెకిచ్చింది సింగిల్ నీడిల్, అంటే తిన్నగా ఒకే వరస కుట్టే మిషన్.

మధ్యాహ్నానికే చెకింగ్‌లో పీసులు లాగితే పక్క కుట్లు పటపటా తెగినాయి. ఫ్లోర్ మేనేజరు వచ్చి, "ఏమమ్మా, అది చెయ్యా, కాలా? రేపట్నుంచి దారాలు కత్తిరించుకో పో" అన్నాడు. అంటే టైలరు కాస్తా హెల్పరు, జీతమూ దిగుతుంది. నూర్జహాన్ సీట్లోంచి లేవలేదు. "అక్కా, మళ్లా కుట్టి చూపిస్తా" అని నాతో అనింది. కుట్టింది. మళ్లా తెగింది.

ఆర్డరు చూసుకునే ధర్మవరం పిల్ల, మర్చండైజరు అంటారు, ఆడనే ఉండె. జెగ్గింగ్స్ అంటే ఏందని అడిగితిని.

"జీన్స్‌ది తల, లెగ్గింగ్స్‌ది తోక. రెండు మాటలూ కలిపి ఇంగ్లీషోళ్లు సరదాగా పెట్టుకున్న పేరు అమ్మా. చూసేదానికి జీన్స్, తొడుక్కునేదానికి లెగ్గింగ్స్."

"అట్లయితే సాగాల కదా?"

"సాగకపోతే కాలే దూరదు" అని నవ్వింది.

సాగే గుడ్డకు సాగే కుట్టే పడాల. లెగ్గింగ్స్‌కి మేము వాడేది ఓవర్‌లాక్. దాని దారం ఉంగరాలుగా అల్లుకుంటుంది, లాగితే గుడ్డతో పాటు వస్తుంది. నూర్జహాన్‌ని ఆ మిషన్ మీద కూర్చోబెడితిని. ఆమె కుట్టిన పీసును మేనేజరు తన చేతుల్తోనే లాగినాడు. తెగలేదు. ఇంకా గట్టిగా లాగినాడు.

"చాలు సార్, మంచి పీసు పాడవుతుంది" అంటిని.

"సరే, ఆమెను ఆ సీట్లోనే ఉండనీ" అని పోయినాడు.

రిటైరయ్యేదాకా, కొత్త స్టైలు వస్తే ఆ పేరు యాడ నుంచి వచ్చిందో అడిగినాకనే మిషన్లు వేయించినా. కుట్టు తెగితే ముందు మిషన్‌ని చూడాల, ఆ తర్వాతనే మనిషి చెయ్యి.