చక్రాల బల్లలు

మా బడికి చక్రాల బల్లలు దిగిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ బడిలో నేను ఆయాను. ఊడవడం, నీళ్లు పట్టడం, సాయంత్రం తాళం వేసుకుని పోవడం నా పని. చదువంటారా, సంతకం దాకా వచ్చు.

చక్రాలంటే నాకెందుకంత అనుమానమో చెప్పాలి. నా భర్త మార్కాపురం పక్కన పలకల గనిలో పనిచేసేవాడు. ఒకరోజు గనిలోని కంప్రెసర్ బండిని ట్రాక్టరుకు తగిలించి తీసుకుపోయారు. రిపేరుకన్నారు. అది తిరిగి రాలేదు. దాని వెనకే ఒక్కొక్కటీ పోయాయి, ఆఖరికి పని కూడా పోయింది. ముందు కదిలేది చక్రాలున్నదే అని అప్పుడు తెలిసింది. నా భర్త పోయి ఇన్నేళ్లయినా ఆ ట్రాక్టరు చప్పుడు నా చెవుల్లోనే ఉంది.

ఆ ఎండాకాలమంతా ఊళ్లో ఒకటే మాట. మూడు, నాలుగు, ఐదు తరగతులను రోడ్డవతలి పెద్ద బడిలో కలిపేస్తారని. నా మనవరాలు అప్పుడే మూడులోకి వస్తోంది. దాని అమ్మానాన్నలు హైదరాబాదులో బిల్డింగు పనిలో ఉంటారు, పిల్ల నా దగ్గర. ఆ రోడ్డు మీద రాళ్ల లారీలు ఆగకుండా పోతుంటాయి. రోజూ దాన్ని దాటించి రావాలంటే నా ఆయా పని పోతుంది. దాటించకపోతే పిల్ల మేకల వెంట పోతుంది. దాని తల్లి కూడా మూడో తరగతిలోనే ఆగి మేకల వెంట పోయింది. అది నా చేతులారా చేసిన పనే. రెండోసారి చేయదలుచుకోలేదు.

బల్లలకు ముందు ఒక అమ్మాయి వచ్చింది. పట్నం పిల్ల, చేతిలో టేపు. పిల్లల్ని నిలబెట్టి మోకాలి నుంచి నేల దాకా కొలుస్తోంది.

"ఏందమ్మా, పిల్లోల్లకు ప్యాంట్లు కుట్టిస్తాండావా?" అన్నాను.

"కాదు ఆంటీ, బల్లలు, కుర్చీలు చేయించడానికి."

"ఆంటీ ఎవురు? అవ్వా అను. పాత బెంచీలు చేసినప్పుడు ఎవురు కొలిసినారు మోకాళ్లు?"

"ఎవరూ కొలవలేదు అవ్వా. అందుకే చూడండి, చిన్నపిల్లల కాళ్లు నేలకు ఆనడం లేదు."

చూశాను. నిజమే, ఊగుతున్నాయి. ఇన్నేళ్లుగా ఆ కాళ్ల కిందే చీపురు పెట్టి ఊడుస్తున్నాను, ఒక్కనాడూ కనపడలేదు. అయినా ఆమెను నమ్మలేదు.

తర్వాత బల్లలు వచ్చాయి. ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. ఆరింటిని చేరిస్తే నడుమ ఖాళీతో చుట్టలా అవుతాయి, విడదీస్తే ఇద్దరిద్దరికి సరిపోతాయి. కాళ్ల కింద చక్రాలు. వేలితో తోస్తే కదిలిపోతున్నాయి.

"ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు అవ్వా" అంది ఆ అమ్మాయి.

"అయితే బండెక్కిచ్చేదానికి గూడా సులువే."

ఆమె నవ్వింది. మాట దాటేయడానికే నవ్విందని అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఇంటి నుంచి దామెన తెచ్చాను. ఒకే పొడుగు తాడుకు ఉచ్చులుంటాయి, మేకపిల్లల్ని వరసగా కట్టడానికి. ఒక్కో బల్ల కాలికి ఒక్కో ఉచ్చు వేసి, రెండు కొసలూ కిటికీ ఊచలకు బిగించాను. తెల్లారి టీచరమ్మ రాకముందే విప్పేసేదాన్ని. ఒకసారి మనవరాలు చూసింది.

"ఎందుకవ్వా కట్టేసినావు? ఇడిస్తే పోయి పాలు తాగుతాయా?"

"నోరు మూసుకో. ఎవురికన్నా చెప్పినావంటే నిన్ను గూడా కట్టేస్తా."

కొన్నాళ్లు అలాగే గడిచింది. ఒక రాత్రి వాన కిటికీలోంచి కొట్టి తాడంతా నానింది. పొద్దున చూస్తే నార ఉబ్బి ముడులు బిగుసుకుపోయాయి. గోళ్లతో లాగుతున్నాను. అంతలో టీచరమ్మ పరుగున వచ్చింది.

"అవ్వా, బళ్లు తనిఖీ చేసే సారు వస్తాండాడు! దావలో ఉన్నాడంట!" అంటూనే తాడు చూసి ఆగిపోయింది. "ఇదేంది?"

"బల్లలు ఎత్తుకపోతారని."

ఆమె నెత్తిన చేతులు పెట్టుకుంది. "రెండో గది కురస్తాంది, ఐదు తరగతులకు ఉండేది ఈ ఒక్క గదే. చోటు లేదనే కలిపేస్తామంటాండారు. బల్లలు జరిపి అందర్నీ ఈడనే కూచోబెట్టచ్చని ఈ పొద్దు సారుకు చూపియ్యాల. నేను తెప్పిచ్చుకునిందే అందుకు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతావా నువ్వు?"

నా తాడే నా మనవరాలిని రోడ్డవతలికి పంపేట్టుంది. అన్నం వండే షెడ్డుకు పోయి కత్తిపీట తెచ్చాను. ఉచ్చు తర్వాత ఉచ్చు కోస్తున్నాను. చివరి బల్ల దగ్గర ఉండగా సారు గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటమ్మా, బల్లలు పారిపోతాయా?"

"పారిపోవు సార్, తీసుకపోతారు."

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. పిల్లలు బల్లలు తోసుకుంటూ లేచారు. ఒకటి, రెండు తరగతులు చాపల మీద, గోడకు కిందుగా ఉన్న నల్లబోర్డు ముందు. మూడో తరగతి గుండ్రంగా చుట్టలాగా. నాలుగు, ఐదు కిటికీల పక్కన జంటలుగా. నా మనవరాలు చక్రం మీది చిన్న మీటను కాలితో నొక్కింది, బల్ల ఆగిపోయింది. ఆ మీట ఉందని నాకు తెలియనే తెలియదు. దాని కాళ్లు నేలకు ఆనాయి.

సారు కళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడ్డాను. ఫోను చూశాడు, గది చూశాడు, మళ్లీ ఫోను. ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

కొన్ని వారాలకు కాగితం వచ్చింది. "ఈ సంవత్సరం మూడు, నాలుగు, ఐదు ఇక్కడే" అని టీచరమ్మ చదివి వినిపించింది. నా మనసు ఒప్పలేదు. ఆమెకూ ఇక్కడ ఉద్యోగం నిలవాలి కదా. కాగితం అడిగి తీసుకుని మనవరాలిని కుళాయి దగ్గరికి పిలిచాను.

"టీచరమ్మ చెప్పింది మరిచిపో. దీంట్ల ఉండేదే చదువు."

వేలు పెట్టి, పెద్ద మాటలను విరిచి విరిచి చదివింది. అదే మాట. అప్పుడు గుండెలో బరువు కాస్త దిగింది.

"వచ్చే సంవత్సరం గురించి ఏం రాసినారు?"

"ఏం ల్యా. కింద సంతకం."

"ఎనక్కి తిప్పి చూడు."

తిప్పింది. ఖాళీ. మూడో తరగతికి ఎక్కాలు మొదలైనట్టున్నాయి, కాగితం నా చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది.