గుట్టమీద హాజరు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. ఇది అల్లిన కథ కాదు... నా చెవులతో విన్నది.

ఐటీ ఉద్యోగాల కోసం ఊళ్ళకు ఊళ్ళే అమీర్‌పేటలో దిగుతున్న రోజులు. మైత్రీవనంలో జావా క్లాసు. మా గదిలో ప్రసాదు, రఫీ, నేను, యాదగిరి. ఎవడైనా క్లాసుకు రాకపోతే, పేరు పిలవగానే మాలో ఒకడు గొంతు మార్చి "ఉన్నా సార్" అనేవాడు. యాదగిరికి ఆ సేవ ఎప్పుడూ నాదే. వెధవ, పొద్దున లేస్తేగా!

అలాంటివాడు జ్వరంతో పంజాగుట్ట ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడ్డాడు. డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మా ఊరి అడవిల గుట్టమీద పాత గుడి ఉన్నది బిడ్డా. మా ఇంట్ల ఎవరు మంచం పట్టినా ఆడ దీపం పెడ్తం. వీన్ని ఇడిసి నేను పోలేను. జర మీరు పోయి రాండ్రి."

ముగ్గురం వెళ్ళాం. అది రక్షిత అడవి. చీకటి పడకముందే దిగాలని గార్డు మరీ మరీ చెప్పాడు. మేం దారి తప్పాం. పైకి చేరేసరికే చీకటి. కప్పు కూలిన గుడి... గబ్బిలాల వాసన. దీపం వెలిగించాం. గాలి లేదు. అయినా ఆరిపోయింది. టార్చీ వెలగలేదు. పక్కవాడు కనపడటం లేదు.

భయం దాచుకోవడానికి ప్రసాదు మా సారులా హాజరు మొదలెట్టాడు.

"రఫీ!"

"ఉన్నా సార్."

"కిశోర్!"

"ఉన్నా సార్," అన్నాను నేను.

ప్రసాదు అలవాటులో నోరు జారాడు. "యాదగిరి!"

అలవాటులోనే నేనూ నోరు తెరిచాను. మాట ఇంకా బయటకు రాలేదు... గర్భగుడి లోపలి నుంచి... నిద్రమత్తులో సాగదీస్తూ...

"ఉన్నా... సార్."

వాడి గొంతే.

ఎక్కడో చిన్న రాయి జారింది. టక్... టక్... ఆగిపోయింది. రఫీ నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. నాకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది. వీడు ఇక్కడుంటే, వాళ్ళమ్మ పక్కన ఎవరున్నట్టు?

"ఇక్కడుండకురా! అమ్మ దగ్గరికి పో!" అని గొంతు చించుకుని అరిచాను.

మళ్ళీ దీపం వెలిగించాం. ఈసారి నిలిచింది.

మర్నాడు ఆసుపత్రిలో వాళ్ళమ్మ ఎదురొచ్చింది. "రాత్రి కండ్లు తెరిచిండు బిడ్డా. 'పోతున్నలేరా, గంత గట్టిగ ఒర్రకు' అన్నడు. ఎవలతోని అన్నడో ఏమో."

యాదగిరికి ఏమీ గుర్తులేదు. ప్రసాదేమో అది ప్రతిధ్వని అంటాడు. పేరు పిలిస్తే ప్రతిధ్వని 'ఉన్నా సార్' అంటుందా? ఏమో... నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత వాడి బదులు నేనెప్పుడూ పలకలేదు. పొద్దున్నే దుప్పటి లాగి, తిట్టుకుంటూ క్లాసుకు ఈడ్చుకెళ్ళేవాణ్ణి. నా పక్కన కూర్చుని వాడు తన నోటితో "ఉన్నా సార్" అనేదాకా నాకు ఊపిరాడేది కాదు.