కుంటలో పోసిన ఆయిలు

ఎల్బీనగర్ నుంచి వనస్థలిపురం వెళ్ళే దారికి లోపలగా మా కాలనీ. దాని వెనక అప్పట్లో ఒక చిన్న కుంట ఉండేది. పొద్దున నడిచి వచ్చాక ఆ కుంట గురించి డైరీలో ఒక వాక్యమైనా రాసేవాణ్ణి. నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, ఏ పిట్ట వాలింది, అంతే. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఒక ఏడాది, వానాకాలం చివర రాసిన వాక్యం చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "తూనీగలు లేవు. కుంట నల్లగా ఉంది."

అంతకుముందు ఆదివారం కాలనీ సంఘం సమావేశం జరిగింది. అధ్యక్షుడిది పాత ఊరి రైతు కుటుంబం, కాలనీ లేచింది వాళ్ళ పొలాల్లోనే. కార్యదర్శి నాలాగే కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఉద్యమం మొదలయ్యాక ఒకరింట్లో ఒకరు టీ తాగడం కూడా మానేశారు. అలాంటి ఇద్దరికీ ఒక్క దగ్గర పొత్తు కుదిరింది. దోమలు పోవాలంటే కుంటలో వాడేసిన ఇంజనాయిలు పోయాలట.

"ఆ కుంటలో చేపలు, కప్పలు, తూనీగలు బతికేది దోమ పిల్లల్ని తినేనండీ. వాటిని చంపుకుంటే మనకే చేటు," అన్నాను.

"అయితే మాస్టారూ, కప్పలకి కూడా సంఘంలో సభ్యత్వం ఇప్పించమంటారా ఏంటి?" అన్నాడు కార్యదర్శి. అందరూ పడీ పడీ నవ్వారు.

"గా కుంట మా తాతలది సార్. మీకెందుకు పరేషాన్?" అన్నాడు అధ్యక్షుడు. ఆయన తల వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'మా నీళ్ళు మాకే' అని రాసి ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్ షెడ్ల నుంచి డబ్బాలు ఆటోలో దిగాయి. రెండు మూడు రోజుల్లో చేపలు వెల్లకిలా తేలాయి. వాటి కోసం వాలిన కొంగలు కంపుకు లేచిపోయి మళ్ళీ రాలేదు.

సద్దుల బతుకమ్మ సాయంత్రం అధ్యక్షుడి భార్య, తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను నెత్తిన పెట్టుకొని గట్టెక్కి, అక్కడే నిలబడిపోయింది. వెనక ఆడవాళ్ళ పాట ఆగింది.

"ఏందయ్యా గిది? గీ మురికిల తల్లిని ఎట్ల ఇడువాలె?"

"జర ఆగు. టబ్బు తెప్పిస్త," అన్నాడు అధ్యక్షుడు.

"మా నీళ్లు, మా నీళ్లని గల్లీ గల్లీ ఒర్లితివి. గీ టబ్బు నీళ్ల కోసమేనా?"

ఆయన టబ్బు కోసం ఒక కుర్రాణ్ణి పరుగెత్తించాడు. బతుకమ్మలు ప్లాస్టిక్ టబ్బులో ఒకదానిమీద ఒకటి కుంగాయి. తర్వాత పూలు తీసేశారు గాని, తల్లి మునిగిన నీళ్ళు నలుగురూ తొక్కే చోట పారబోయకూడదని టబ్బును సంఘం ఆఫీసు ముందే వదిలేశారు.

వారం దాటాక చూస్తే అందులో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. ఇద్దరినీ పిలిచి చూపించాను.

"కుంటలో అయితే వీటిని తినేవి ఉండేవి. ఇందులో ఎవరున్నారు తినడానికి?"

కార్యదర్శి వంగి చూశాడు. "ఇంకా కాస్త ఆయిలు మిగిలినట్టుందే. ఇందులో పోయిద్దామా?"

"అగో, గదే బెస్టు," అన్నాడు అధ్యక్షుడు.

టబ్బు అంచును రెండు చేతులా ఎత్తి అక్కడే బోర్లించాను. ఆ నీళ్ళు వాళ్ళిద్దరి చెప్పుల మీదుగా పారాయి.