పెద్దముడి దగ్గర చెట్టు

చెట్లక్క ఒకరోజు పొద్దున్నే నిజంగా చెట్టైపోయింది. కాళ్ళకు వేళ్ళు దిగాయి, వీపు మీద బెరడు కట్టింది, ఒక పిట్ట వచ్చి తలమీద గూటికి కొలతలు కూడా తీసుకుని పోయింది. నమ్మనివాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ చెయ్యిపట్టుకుని ఆపరు.

ఉన్నవాళ్ళకు మొదట్నుంచీ చెప్పాలి. ఆమె ఒక అడవి పార్కులో ఇంటర్న్‌. బస్సుల్లో దిగే బడిపిల్లలకు ఆకులనూ పురుగులనూ పరిచయం చేయడం ఆమె పని; వాళ్ళు పెట్టిన పేరే చెట్లక్క. ఆ ఉద్యోగం సంగతి ఇంట్లో చెప్పిన రోజున, కుట్టుమిషను తొక్కుతున్న వాళ్ళమ్మ కాళ్ళు టక్కున ఆగిపోయాయి.

"డిగ్రీ పాసై మళ్ళీ ఇంటరేంటే? ఏ సబ్జెక్టు పోయింది?"

"ఇంటర్ కాదమ్మా, ఇంటర్న్. పని నేర్చుకోవడం. పిల్లలకి చెట్ల గురించి చెప్పాలి."

"చెట్టు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది కదే, మళ్ళీ నువ్వు చెప్పేదేంటి?"

"అందుకే కళ్ళకి గంతలు కట్టి చెప్తాం."

"ఊళ్ళో అందరూ చేసే పనే. దానికి డిగ్రీ కూడానా!" అని సణిగింది తల్లి. సణుగుతూనే, కోట్లకు వేయగా మిగిలిన లైనింగు ముక్కలన్నీ ఏరి, లోపల మెత్తటి పొర పెట్టి, వెనక సాగే నాడా వేసి, సంచీడు గంతలు కుట్టి ఇచ్చింది. "పిల్లల కళ్ళు ఒరుసుకుపోతే నన్నంటారు" అని ఒక సాకు కూడా తగిలించింది.

ఆ గంతలతో చెట్లక్క ఆడించేది తాడు ఆట. కాలిబాట పొడవునా చెట్టు నుంచి చెట్టుకు నడుమెత్తున తాడు కట్టి ఉంటుంది. పిల్లలు గంతలు కట్టుకుని, ఎడమచేత్తో తాడు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు నడవాలి. నోరు మెదపకూడదు. చేతికి చిన్నముడి తగిలితే కాలికింద వేరుందని అర్థం. పెద్దముడి తగిలితే ఆగి, కుడిచెయ్యి ముందుకు చాపి, ఎదురుగా ఉన్న చెట్టును ఇష్టం వచ్చినంతసేపు తడమాలి. గింజల సీసాలూ, పాము కుబుసమూ, ఒంటికన్ను గుడ్లగూబ బొమ్మా ఉన్న పార్కు తరగతి గదిలో పిల్లలకు ముందే దీన్ని బాగా సాధన చేయించేది. పెద్దముడి తగిలిందంటే చెయ్యి దానంతటదే చాచుకోవాలి. నిద్రలో తగిలినా సరే.

ఆ పొద్దున్న ఆమె గుండె గుభేల్మన్నది సరిగ్గా ఆ సాధనను తలుచుకునే.

వరసకు నాలుగడుగులు ముందు నడుస్తోంది. పెద్దముడి ఉన్న చెట్టు మొదలు మీద, పిల్లల ఛాతీ ఎత్తున, నల్లటి మచ్చ ఉంది. తాడు సరిచూసినప్పుడు అది లేదు. రాత్రి వానకు తడిసిందేమో అనుకుంది. అంతలో గాలి లేకుండానే ఆ మచ్చ మీద పైనుంచి కిందికి ఒక అల జారింది.

తేనెటీగలు. గూడు మారుతూ దారిలో అలిసిపోయిన గుంపు. గుమ్మానికి వేలాడదీసిన దుప్పటంత ఉంది. అలిసిన గుంపు ఊరికే ఎవరి జోలికీ రాదు. కానీ వేళ్ళతో తడిమితే?

మొదటి పిల్లాడి చెయ్యి అప్పటికే ముడి వైపు జారుతూ వస్తోంది.

ఆగండని అరిస్తే గంతలు లేస్తాయి. గంతలు లేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పొద్దున బస్సులోకి ఒక్క కందిరీగ దూరినందుకే ఈ పిల్లలు సంచులు విసిరి, సీట్లెక్కి, కిటికీలోంచి దూకబోయారు. వాళ్ళను అదుపు చేయడానికి డ్రిల్లు మాస్టారు ఊదిన ఈలకు డ్రైవరు కూడా దిగి పారిపోయాడు. ఆ మాస్టారు ఇప్పుడు వరస చివర ఉన్నాడు. కళ్ళకు గంతలు, మెడలో ఈల.

పక్కబాటలో గార్డు బాబాయి కనిపించాడు. ఆయనకూ మచ్చ కనిపించినట్టుంది, కర్ర నేలకు ఆనించి కొయ్యబారి ఉన్నాడు. చెట్లక్క భుజానున్న తాడుచుట్ట తీసి ఒక కొస ఆయన కాళ్ళ దగ్గరికి విసిరింది. వేలితో చెట్టుకు దూరంగా, వెనక్కి చూపించింది, పెదవులతో "లాగి పట్టు బాబాయ్" అంది. రెండో కొస చేతిలో ఉంచుకుని, ముడికీ చెట్టుకూ మధ్యనున్న మూరెడు సందులోకి దూరి నిలబడింది. వీపు వెనక జానెడు దూరంలో ఆ గుంపు. వినబడేది రొద కాదు, మూత పెట్టిన గిన్నెలో నీళ్ళు కాగుతున్నట్టుంది.

పిల్లాడి చేతికి ముడి తగిలింది. కుడిచెయ్యి చాచుకుని వచ్చి ఆమె భుజం మీద వాలింది. తడిమింది. కిందికి జారింది.

"అక్కా, ఈ చెట్టుకి వాచీ ఉంది" అన్నాడు వాడు గుసగుసగా.

"అడవిలో చెట్టు టైము చూసుకోవద్దా? మాట్లాడకూడదన్నానా లేదా. ఇక్కడ తాడు మలుపు తిరిగింది, ఇదిగో" అంటూ వాడి ఎడమచేతిని కొత్త తాడు మీద పెట్టింది. అవతల గార్డు బాబాయి చేపను లాగినట్టు వాణ్ణి మెల్లగా లాక్కున్నాడు.

ఒకడు గడిచాడు. ఇంకొకడు. ఒకమ్మాయి ఆమె మోచేతిని గిల్లి చూసింది. ఒక బొద్దుపిల్లాడు రెండు చేతులా కౌగిలించుకుని వదల్లేదు. వాడి వేళ్ళు ఆమె నడుం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళబోతుంటే, పట్టుకుని ఒక్కొక్కటే విడదీసింది. ఆమె గొంతు మాత్రం పాఠం చదువుతున్నట్టే ఉంది.

ఒక ఈగ మెడ మీద దిగింది. నడిచింది. చెవి దాకా వెళ్ళి, మనసు మార్చుకుని తిరిగొచ్చి, కాలరు కిందికి దూరింది. అది ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది.

కుట్టింది.

కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారాయి. చెయ్యి కదపలేదు. తరగతి గది గోడకున్న పోస్టరు ఆమె వేసిందే: ఒక తేనెటీగ కుట్టిన చోట మగ్గిన అరటిపండులాంటి వాసన పుడుతుంది, ఆ వాసన మిగతావాటికి పిలుపు. పోస్టరులో ఈగలన్నిటికీ నవ్వు మొహాలు వేసింది. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ మొహాలు చూసే ధైర్యం లేదు.

పిల్లల్లో చివరిది, అందరూ ప్రశ్నలబుట్ట అని పిలిచే పిల్ల, వచ్చి ఆగింది. ఆమె చేతిని తడిమింది, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది.

"అక్కా, ఇది అరటిచెట్టా? పండు వాసనొస్తోంది."

వెనక కాగుతున్న నీళ్ళు పొంగాయి. రొద ఒక్క మెట్టు పైకెక్కింది.

"అవునమ్మా. నడువు."

"అరటిచెట్టుకి ఇంత గట్టి మొదలుండదు కదక్కా? పైగా వణుకుతోంది. చెట్టుకి జ్వరమొస్తుందా?"

"వస్తుంది. నడువు, బంగారం."

అప్పుడే ఆ పిల్ల వెనక డ్రిల్లు మాస్టారు గంత అంచు పైకెత్తి చూశాడు. గంత సడలించి తొంగిచూస్తున్నది అంతమందిలో ఆయనొక్కడే. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి దానంతటదే ఈలను నోట్లో పెట్టింది.

చెట్లక్క ఆయన కళ్ళలోకి చూసింది. తల ఊపడానికి కూడా వీల్లేదు, చెంప మీద ఇంకో ఈగ ఉంది.

ఆయన బుగ్గలు నిండుగా ఉబ్బి, అలాగే ఉండిపోయాయి. ఆ గాలిని ఆయన ఎటు పంపాడో దేవుడికెరుక. ఈలను పళ్ళ మధ్య బిగించి, ప్రశ్నలబుట్టను బియ్యం మూటలా చంకన వేసుకుని, కొత్త తాడు వెంట మునివేళ్ళ మీద నడిచిపోయాడు. "మాస్టారూ, మీరు ఏ చెట్టు చూశారు?" అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది.

అప్పుడు చెట్లక్క తాడు వదిలేసింది. పరిగెత్తలేదు. చెంప మీద, పెదవి మీద, మణికట్టు మీద, మళ్ళీ మెడ మీద నిప్పురవ్వలు పడుతుంటే, ఆగి ఆగి, మలుపు తిరిగేదాకా మామూలుగా నడిచింది. తిరిగాక మాత్రం లేడిపిల్లలు సిగ్గుపడేలా దౌడు తీసింది.

తలుపులూ కిటికీలూ బిగించిన తరగతి గదిలో గార్డు బాబాయి గోటితో ఆమెకు దిగిన ముళ్ళు గీకి తీస్తుంటే, గంతలు విప్పుకున్న పిల్లలు అదేం చెట్టో తేలక కొట్టుకుంటున్నారు. పిల్లల్లో ఒక్కరి ఒంటి మీద ఒక్క కాటు లేదు. మాస్టారు తలలు లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టి, గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏమ్మా, భయమెయ్యలేదూ?" అన్నాడు.

ఆమె వాచిన పెదవితోనే నవ్వి, ఆయన మెడలోని ఈలను వేలితో చూపించింది.

ఇక అక్కణ్ణుంచి కథకు కాళ్ళొచ్చాయి. టిక్కెట్ల కిటికీ దాటేసరికి ఈగలు వేలయ్యాయి, బస్సు స్టాండు చేరేసరికి లక్షలు. వేళ్ళూ బెరడూ పిట్టా కొలతలూ దారిలో ఎక్కినవే. ఎవరెక్కించారన్నది ఇక్కడ అనవసరం. ఆమెను అడిగితే మాత్రం వాపు దిగిన మొహంతో ఒకటే మాట:

"చెట్టూ లేదు, గిట్టూ లేదు. ఐదు చోట్ల కుట్టాయి. మర్నాడు పొద్దున్నే అవి లేచిపోయాయి. తాడు మళ్ళీ కట్టాను."