అమ్మ వెళ్లని పెళ్లి

యాభై దాటాక అమ్మకి గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. పదో పదిహేనో, గట్టిగా, నలుపూ తెలుపూ కలిసి. ముప్పై ఏళ్లు మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, హెడ్మాస్టర్లకే ఎదురు చెప్పిన మనిషి, ఆ కాసిని వెంట్రుకలకి సిగ్గుపడేది. ఫొటో తీస్తామంటే మొహం పక్కకి తిప్పుకునేది.

నాన్న పోయాక విజయవాడలో మా ఇంట్లోనే ఉండేది. మా ఆయన ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేస్తారు. నేను పదకొండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. ఆ స్కూలు మూతపడ్డాక నాలుగు నెలలు ఊరికే కూర్చుని, చివరికి బ్యూటీషియన్ పని నేర్చుకుందామనుకున్నాను.

మా వీధి చివర మందుల షాపు పైన ఒకావిడ క్లాసులు చెప్పేది. వ్యాక్సింగ్, ఐబ్రోస్, ఫేషియల్, అన్నీ పదిహేను రోజుల్లో. 'సర్టిఫికెట్ ఇవ్వబడును' అని బోర్డు. ఎవరిచ్చే సర్టిఫికెట్టో నేను అడగలేదు. ఇంటికి దగ్గర, త్వరగా అయిపోతుంది, అది చాలనుకున్నాను. అక్కడ ఒకరి చేతుల మీద ఒకరం మైనం పూసుకుని లాగడమే పాఠం. ఆఖరి రోజున బంగారు రంగు అక్షరాలతో నా పేరు రాసిన కాగితం చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, "మొదటి బోణీ నాదే," అంది.

ఆ నెలలోనే మంగళగిరిలో మా మేనమామ మనవరాలి పెళ్లి. చల్లపల్లి నుంచి పెద్దమ్మ వస్తోంది. అక్కచెల్లెళ్లలో అమ్మకి ఉన్నది ఆవిడొక్కతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మూడేళ్లయింది. కట్టుకునే చీర అమ్మ పది రోజుల ముందే తీసి పెట్టుకుంది.

పెళ్లికి ముందు రోజు పొద్దున్నే వరండాలో కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టాను.

"నొప్పెడుతుందా?" అని అడిగింది.

"చీమ కుట్టినట్టు ఉంటుందంతే."

మైనం వేడి చేసి నా మణికట్టు మీద చూసుకున్నాను. వేడి సరిపోయింది. గడ్డం కింద పూసి, గుడ్డ పట్టీ అద్ది, వెంట్రుకలకి ఎదురుగా ఒక్క లాగు లాగాను. అమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది కానీ అరవలేదు. పట్టీ తిప్పి చూస్తే వెంట్రుకలతో పాటు చర్మం వచ్చేసింది. గడ్డం కింద రెండు వేళ్ల వెడల్పున ఎర్రగా, తడిగా ఉంది.

"ఏమైందే?" అంది. పట్టీ వెనక్కి దాచుకున్నాను. తనే లేచి లోపలికి వెళ్లి అద్దంలో చూసుకుంది. తిరిగొచ్చి, "కొబ్బరినూనె తే," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటికి గాయం చెక్కు కట్టి చుట్టూ వాచింది. మేం బయల్దేరుతుంటే అమ్మ మామూలు చీరలోనే మంచం మీద కూర్చుని ఉంది.

"మీరు వెళ్లి రండి."

"కొంగు కప్పుకుంటే కనపడదమ్మా."

"పెళ్లన్నాక నలుగురూ అడుగుతారు. నా కూతురే చేసిందని చెప్పనా? అక్కని తర్వాత చూస్తాలే. ఎక్కడికి పోతుంది."

మంగళగిరి ఎంత దూరమని. బస్సెక్కితే అరగంట.

పెద్దమ్మ మంటపం దగ్గర తన పక్క కుర్చీలో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. "మీ అమ్మేదే?" అని అడిగింది. జ్వరమని చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. భోజనాలు కాగానే, పొద్దుపోతుందని కొడుకు తొందరపెడితే, అటునుంచి అటే ఊరెళ్లిపోయింది.

రెండు నెలలు తిరక్కుండానే పెద్దమ్మ నిద్రలో పోయింది. చల్లపల్లిలో ఆ ఐసు పెట్టె మీద చెయ్యి వేసి అమ్మ చాలాసేపు నిలబడింది. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.

నేనిక మైనం డబ్బా ముట్టుకోలేదు. కొన్నాళ్లకి అమ్మే అంది: "సగం నేర్చుకుని వదిలెయ్యకు. సరిగ్గా నేర్పేవాళ్లు ఎక్కడో ఉంటారు. ఈసారి అడిగి చేరు." అడగాల్సినవి తనే చెప్పి నాచేత రాయించింది. గుర్తింపు ఎవరిచ్చారు, పరీక్ష ఎవరు పెడతారు, ఎంతమంది మీద చేయిస్తారు. మోకాళ్లు సహకరించకపోయినా ఆటోలో నాతో వచ్చింది.

మొదట వెళ్లిన చోట ఏసీ గది, రంగుల పుస్తకం. "మాది ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ అండి," అంది అక్కడి అమ్మాయి.

"ఏ దేశానిదండీ?" అని అడిగింది అమ్మ. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు.

మూడోచోట ఉన్నవి రెండు చిన్న గదులే. నడిపే మేడం గుర్తింపు నంబరు కాగితం మీద రాసిచ్చి, "ప్రభుత్వం వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. పరీక్షకి బయటివాళ్లు వస్తారు," అంది. వ్యాక్సింగ్ ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను. "మొదటి రెండు వారాలు మైనం ముట్టుకోనివ్వనండి. ముందు చర్మం గురించి తెలియాలి." నంబరు సరిచూసుకుని అక్కడే చేరాను.

మొదటి వారంలోనే ఒక కాగితం పంచింది. పని మొదలుపెట్టే ముందు వచ్చినవాళ్లని అడగాల్సిన ప్రశ్నలు. అందులో నాలుగోది, ఏ మందులు వాడుతున్నారని. "స్టెరాయిడ్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్ల చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. వాళ్లకి మైనం వెయ్యకూడదు," అని చెప్పుకుపోతోంది మేడం. నాకు తర్వాతి మాటలు వినపడలేదు. అమ్మ కీళ్లవాతానికి నాలుగేళ్లుగా అవే వాడుతోంది. రోజూ డబ్బాలోంచి తీసి ఇచ్చేదాన్ని నేనే.

క్లాసయ్యాక జరిగింది చెప్పాను.

"అడక్కుండానే వేశారా?"

"అక్కడ నేర్పలేదండి."

"నేర్పకపోతే తెలీదు, నిజమే," అంది మేడం. నీ తప్పు లేదని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "అయితే మాత్రల వల్లన్నమాట," అంది. ఆ సాయంత్రం నుంచి పక్కింటావిడకీ, పాలావిడకీ, ఫోన్లో బంధువులకీ ఒకటే మాట: "మా అమ్మాయి తప్పేం లేదండీ. మాత్రలకి నా చర్మం అలా అయింది." ఎవరికీ తెలియకూడదని పెళ్లికి వెళ్లడం మానుకున్న మనిషి, నన్ను వెనకేసుకు రావడానికి ఊరందరికీ చెప్పుకుంది. చెప్పాలనుకున్న ఒక్క మనిషి లేదు. ఒకసారి అలవాటు కొద్దీ చల్లపల్లి నంబరు నొక్కబోయి, ఆగి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టడం చూశాను.

నా పరీక్షకి మూడు వారాల ముందు అమ్మ పోయింది. న్యుమోనియా. ఆస్పత్రిలో ఐదు రోజులు ఉంది.

పరీక్ష మానేద్దామనుకున్నాను. మా ఆయన ఆ రోజు పొద్దున్న బండి బయటికి తీసి నిలబడ్డారు. ప్రాక్టికల్‌కి ఎవరినైనా వెంట తెచ్చుకోమన్నారు. పక్కింటావిడ వచ్చింది. ప్రశ్నలన్నీ అడిగి, రాసుకుని, ఆవిడ చేతికి మైనం పూసి, పట్టీ అద్ది, అంచు పట్టుకుని ఆగాను.

"కానివ్వండి," అందావిడ మెల్లగా. "మీ చెయ్యి మంచిదని అమ్మగారు చెప్పేవారు."

పట్టీ లాగి, వెంటనే ఆ చోట అరచెయ్యి అదిమి పెట్టాను. అలా అదిమితే మంట తగ్గుతుందని మేడం నేర్పింది. పరీక్ష పెట్టడానికి వచ్చినావిడ "ఇక చాలమ్మా" అనేదాకా చెయ్యి తియ్యలేకపోయాను.