పెత్తరమాస బొంత

కిష్టారెడ్డిపేటలో నేను వంటకు వెళ్లే ఇంట్లో నిన్న మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. చేతికుట్టు బొంతను చూసి అచ్చు వేసిన దుప్పటి అది. ఆ ఇంటావిడ మురిసిపోతూ, పాతకాలం పనితనం చూడమని నన్ను పిలిచింది. చూశాను. చదరంలో చదరం, చుట్టూ వరసగా కుట్లు, ప్రతి చదరంలో ఒక మూలన కుట్టు వంకర తిరిగి ఉంది. ఆ వంకర నాది. నా భర్త చనిపోయిన ఏడాది ఆయన చొక్కా ముక్కను కుడుతుంటే కళ్లనిండా నీళ్లొచ్చి సూది దారి తప్పిన చోటు అది. దుప్పటి నిండా అదే. వేలితో తడిమితే దారం తగల్లేదు, నున్నగా ఉంది. కూర మాడుతోందని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను.

నాకు అక్షరాలు అంతంత మాత్రం. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది, మధ్యమధ్య ఆగి నా ముఖం చూస్తోంది, ఎందుకంటే ఈ సంగతి దానికి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

నా ఈడువాళ్లకు బొంత అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు, పాత చీరలూ ధోతులూ పొరలు పరిచి కుట్టి చలికి కప్పుకునేవాళ్లం. కానీ మా అత్తగారింట్లో ఒక బొంతను ఎవరూ కప్పుకునేవారు కాదు. ఇంట్లో మనిషి పోతే వాళ్ల బట్టలోంచి ఒక ముక్క తీసి దానికి కుట్టేవారు. ఏడాదంతా సందుగలో ఉండి, పెద్దలకు బియ్యం ఇచ్చుకునే పెత్తరమాస నాడు బయటికి వచ్చేది. మా అత్త దాన్ని పరిచి, ఒక్కో ముక్క మీద చెయ్యి పెట్టి, ఆ మనిషిని పిలిచి అన్నానికి రమ్మనేది. గోడకు ఒక్క ఫోటో లేని ఇల్లు మాది. మామ ధోతి, మా తోటికోడలి చీర, అన్నిటికన్నా చివర నా భర్త చొక్కా. పనికి వేసుకెళ్లే నీలం చొక్కా అది, ఎండకూ చెమటకూ వెలిసి ఏ అంగట్లోనూ దొరకని రంగుకు తిరిగింది.

ఆయన పోయాక పటాన్‌చెరు దగ్గర దుప్పట్లు, దిండు గలీబులు కుట్టే కంపెనీలో చేరాను. కుట్టిన బట్టకు వేలాడే దారాలు కత్తిరించాలి, పొద్దంతా నిలబడే. సాయంత్రానికి కాళ్లు వాచిపోయేవి. కొత్త నమూనాలు కుట్టే శాంపిల్ గదిలో వాళ్లకు మాత్రం కుర్చీ, నెత్తిమీద ఫ్యాను. ఒకరోజు డిజైన్లు చేసే మేడం వచ్చి, పాత చేతిపనులను చూసి కొత్త దుప్పట్లు తయారుచేస్తామని, ఇళ్లల్లో ఏమైనా ఉంటే తెమ్మని, మంచి పని చేతనైనవాళ్లను శాంపిల్ గదిలోకి తీసుకుంటానని చెప్పింది. ఒకామె తండా నుంచి అద్దాల రవిక తెచ్చింది. నా కన్ను ఆ కుర్చీ మీద పడింది.

అత్తను అడిగాను. "పోయినోళ్లు పండుకున్న జాగ గా బొంత. సంతల సామానా, పట్కపోయి సూపెట్టనీకి?" అని కసిరింది. అప్పటికే ఆమెకు చూపు లేదు. మర్నాడు ఆమె వాకిట్లో కూర్చుని ఉండగా, బొంత సంచిలో కుక్కుకుని ఆమె ముందునుంచే నడిచి వెళ్లాను.

మేడం దాన్ని బల్లమీద పరిచి ఒక్కో కుట్టూ వేలితో తడిమి చూసింది. చెడ్డ మనిషని అనను. నా చేతిపనిని ఆమె పొగిడినట్టు ఎవరూ పొగడలేదు. ఫోటోలు తీసింది, రెండు రోజుల్లో ఇస్తానంది. అయితే ఆ గదికి ఒక అలవాటు ఉంది. ఏ బట్ట రంగు నచ్చినా దాన్నుంచి ముక్క కత్తిరించి, అట్టకు పిన్ను కొట్టి, అదే రంగు కలపమని మిల్లుకు పంపేస్తారు. మేడంకు నచ్చింది ఆ నీలమే. బట్ట తెచ్చానంటే ముక్కకు ఒప్పుకున్నట్టేనని వాళ్లనుకున్నారు, చూసి ఇచ్చేస్తారని నేననుకున్నాను.

మూడోనాడు బొంత చేతికొస్తే ఆ నీలం ఉన్నచోట కంత. కటింగ్ మాస్టర్‌ను పట్టుకుని ఏడిస్తే, "ఏందక్కా, జానెడు ముక్కకు గింత లొల్లా? కొత్త బట్ట ఇస్త, మాటేసుకో పో" అని నిజంగానే మంచి నీలం బట్ట తీసిచ్చాడు. మిల్లుకు పోయిన ముక్క ఏ చేతిలో జారిపోయిందో, మళ్లీ రాలేదు. ఆ వచ్చే సోమవారం నుంచి నాకు కుర్చీ ఇచ్చారు. కూర్చున్నాను. పిల్లను సాకాలి కదా. ఆ తర్వాత ఆ కుట్టు బొమ్మలన్నీ మిషనే అచ్చు వేయడం మొదలుపెట్టాక ఆ కుర్చీ కూడా పోయింది, అది వేరే సంగతి.

ఆ కొత్త నీలాన్ని ఉతికి ఉతికి, రాయికి రుద్ది, మెత్తబడ్డాక కంతలో కుట్టాను. పెత్తరమాస వచ్చింది. అత్త చెయ్యి జరుపుకుంటూ మామను పిలిచింది, పెద్దకోడలిని పిలిచింది, నీలం దగ్గర ఆగింది. వేళ్లతో ఒకసారి, గోటితో ఒకసారి, ఆఖరికి వంగి చెంప ఆనించి చూసింది.

"ఏమే, నా కొడుకేడే?"

నేను విస్తరిలో అన్నం సర్దుతున్నాను.

"గీడ ఎవల్నో పండవెట్టినవ్. గీయన మనోడు గాదు" అంది. అంతే. తిట్టలేదు, తిడితే బతికిపోయేదాన్ని. విస్తరి ముందు కొడుకును పిలవకుండానే లేచింది. మళ్లీ పెత్తరమాసకు ఆమె లేదు.

ఆమె చీర ముక్క కుట్టవలసింది నేనే. సూది ఎక్కించుకుని రెండుసార్లు కూర్చున్నాను గానీ, ఆ దొంగ నీలం పక్కన ఆమెను పెట్టలేకపోయాను. ఇక బొంత తెరవనేలేదు. ఇప్పుడు రోజులు వేరు. ఇంట్లో బొంత ఉంటే నామోషీ అని బయట పారేసినవాళ్లే ఆ బొమ్మ అచ్చేసిన దుప్పటిని అంగట్లో కొనుక్కొచ్చి మంచాల మీద పరుస్తున్నారు, చూడ్డానికి బాగానే ఉంది, ఏ ముక్క ఎవరిదని అడిగే పని లేదు. బియ్యం మాత్రం ఏటా ఇస్తున్నాను. ఆయన్ని పిలిచే వేళకు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాలిలోనే ఆగిపోతోంది.