బొట్టుబొట్టుగా రావలసిన నీళ్ళు

2019 ఎండాకాలం. కోరుట్లలో నాకు ఫిల్టర్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది మల్లాపూర్ వైపు ఒక ఊళ్ళో ఒక స్వచ్ఛంద సంస్థ ఇంటింటికీ గ్రావిటీ ఫిల్టర్లు ఇచ్చింది. వాటిని బిగించడం, నెలనెలా చూసి రావడం నా పని. ఊరి పేరు రాయను. అక్కడి వాళ్ళు ఆ నీళ్ళ పేరుతో ఇప్పటికే చాలా మాటలు పడ్డారు. పిల్లను ఇవ్వడానికి వచ్చినవాళ్ళు సైతం ముందు పిల్లగాడి నోట్లోకి చూసేవారు.

అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చూడటానికి తేటగా, తాగితే తియ్యగా ఉంటాయి. నల్లా నీళ్ళు మందు వాసన వేస్తాయని గిన్నెలు తోమడానికి వాడి, తాగడానికి బోరు నీళ్ళే పట్టేవారు. ఆ నీళ్ళు పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు గార కట్టిస్తాయి, పెద్దల మెడలు, నడుములు బిగదీస్తాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళు నడుము పట్టేసిందంటే పొద్దంతా కూర్చోవడం వల్లే అనుకునేవారు. నేనూ అదే అనుకునేవాణ్ణి.

గ్రావిటీ ఫిల్టర్‌లో పెద్ద యంత్రమేమీ ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు స్టీలు బకెట్లు. పై బకెట్‌లో యాక్టివేటెడ్ అల్యూమినా, అంటే సగ్గుబియ్యంలా ఉండే తెల్లటి గింజలు. నీళ్ళు తమ బరువుతోనే ఆ గింజల మధ్య నుంచి కిందికి దిగుతాయి, ఫ్లోరైడ్ గింజలకు అంటుకుపోతుంది. ఆర్సెనిక్ ఉన్న ప్రాంతాల్లో కూడా ఇలాంటి గింజలే వాడతారని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. రెండు బకెట్ల మధ్య ఆరిఫిస్ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాని రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీళ్ళు అంత నిదానంగా దిగుతాయి, గింజల దగ్గర అంత సేపు ఆగుతాయి. ఆ ఆగే సమయాన్ని కాంటాక్ట్ టైమ్ అంటాం. అది లేకపోతే ఫిల్టర్ లేనట్టే. ఇదంతా నాకు తెలుసు. నా మీద నాకు కోపం వచ్చేది అక్కడే.

మమత ఇంట్లో మొదటి ఫిల్టర్ పెట్టాను. ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడు. అత్త రాజవ్వతో, ఇద్దరు ఆడపిల్లలతో ఉంటూ ఆమె బీడీలు చుట్టేది. పెద్దపిల్లకు అప్పటికే గార పళ్ళు. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నపిల్ల శ్రీజకు ఏడాది దాటింది, మమత ఒళ్ళోనే ఉండేది.

"అన్నా, గీ చిన్నదన్న నోరు తెరిచి నవ్వాలె. నువ్ ఎట్ల జెప్తె అట్ల చేస్త," అంది మమత.

చెప్పినట్టే చేసింది కూడా. తాగడానికే కాదు, అన్నం వండటానికి, పిల్లకు పాలపొడి కలపడానికి కూడా ఫిల్టర్ నీళ్ళే వాడింది. పక్కింటికి వెళ్తే వెంట సీసా తీసుకుపోయేది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వుకునేవారు.

నెల తిరిగి నేను వెళ్ళేసరికి రాజవ్వ వాకిట్లోనే పట్టుకుంది.

"ఏం పిలగా, గిదేం ఫిల్టరు తెచ్చినవ్? మా తమ్ముడు ఎండల పడి అస్తే సెంబెడు నీళ్ళియ్యడానికి లేకపాయె! తిప్పితె బొట్టు, బొట్టు. మేక ఉచ్చ వోసుడు నయం. ఇజ్జతంత పాయె."

"అవ్వా, నిదానంగ దిగాలె, గప్పుడే మంచిగయితయి."

"నీ మంచి నీ దగ్గర్నే వెట్టుకో. ఇంటికచ్చినోన్ని ఎంతసేపు కూసోవెట్టాలె? జెర ఎక్కువచ్చేటట్టు చెయ్యి కొడుకా, నీకు పుణ్యముంటది."

మా వైపు ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వాలి, ఆ తర్వాతే మాట. నీళ్ళు అందకపోతే ఆ ఇంటి మర్యాద పోయినట్టే. ఎండాకాలం కింది బకెట్ పొద్దున్నే ఖాళీ అయిపోయేది. రాజవ్వ కష్టం నిజమే. నేను చెప్పాల్సిన మాట చిన్నది: పడుకునే ముందు పై బకెట్ నింపండి, దిగిన నీళ్ళు పొద్దున ఒక కుండలోకి పట్టి పెట్టుకోండి. అంతే. ఆ మాట నోటికి రాలేదు. ముసలామె చెయ్యి పట్టుకుని బతిమాలుతుంటే, కాదంటే నేను చెడ్డవాణ్ణయిపోతానేమో అనిపించింది. సూదిని పొయ్యి మీద కాల్చి బిళ్ళ రంధ్రంలో తిప్పాను. నీళ్ళు ధార కట్టాయి.

"నా బంగారు కొడుకువి," అంది రాజవ్వ. మమత అప్పుడు బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్ళింది.

ఆ సాయంత్రానికే పక్కింటివాళ్ళు పిలిచారు. నెల తిరిగేసరికి దాదాపు ఊళ్ళో అందరి ఫిల్టర్లలోనూ నీళ్ళు ధారగా వస్తున్నాయి. నీళ్ళు రావడం లేదనే ఫోన్లు ఆగిపోయాయి. సంస్థ సూపర్‌వైజర్ మీటింగ్‌లో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నాడు. "కంప్లయింట్ లేదంటేనే సర్వీస్ మంచిగున్నట్టు. ఇంతకన్న పరీక్ష ఏముంటది?" అన్నాడు. నేను కూర్చోకుండా ఇంకాసేపు నిలబడ్డాను. ఎలా చేశావని అడిగిన ఇంకో టెక్నీషియన్‌కు చాయ్ తాగుతూ సూది సంగతి కూడా చెప్పాను.

నీళ్ళను పరీక్షించడానికి మా దగ్గర ఒక కిట్ ఉండేది. గ్లాసు నీళ్ళలో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలవాలి. పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఉన్నట్టు. గింజలు కొన్ని నెలలకు ఫ్లోరైడ్‌తో నిండిపోతాయి, అప్పుడు వాటిని తీసి మందుతో కడిగి మళ్ళీ నింపుతాం. నేను ఎప్పుడూ గింజలు మార్చిన రోజునే పరీక్ష చేసేవాణ్ణి. కొత్త గింజల్లోంచి ధారగా వచ్చినా రంగు గులాబీగానే ఉండేది. ఒక్కసారి మాత్రం మధ్యలో, మమత ఇంట్లోనే, చుక్కలు వేశాను. పసుపు రంగు వచ్చింది. మందు ఎండకు పాడైందేమో అనుకుని గ్లాసు వాకిట్లో పారబోశాను. మళ్ళీ కొత్త మందు తెచ్చి చూడలేదు. రాజవ్వను చూసి సూది కాల్చడం మెతకదనం అనుకుందాం. ఆ గ్లాసు పారబోయడం మెతకదనం కాదు. దానికి వేరే పేరుంది.

ఇది జరిగిన అయిదారేళ్ళకు, ఈ మధ్యనే, మమత నా షాపుకు వచ్చింది. ఒక చేత్తో గోనెసంచిలో ఫిల్టర్, ఇంకో చేత్తో శ్రీజ. పిల్ల ఒకటో తరగతి.

"కూసో చెల్లె. ఫిల్టర్ ఏమైంది?"

"ఫిల్టర్‌కేం గాలే. దీని నోట్లె సూడు."

శ్రీజ పెదాలు బిగించింది. "తెరువు బిడ్డా. గీనె డాక్టర్ గాదు, సూది ఇయ్యడు," అంది తల్లి.

"మరి ఎవలు?" అంది పిల్ల పళ్ళ సందుల్లోంచి.

"తెరువు, చెప్త."

పాలపళ్ళు ఊడిన చోట ముందరి పళ్ళు కొత్తగా వచ్చాయి. వాటి మీద సుద్దగీతల్లాంటి అడ్డచారలు, అంచుల్లో అప్పుడే మొదలైన గోధుమ రంగు. నేను ఇలాంటి పళ్ళు చాలా చూశాను. వాటిని చూడగానే నోటికి వచ్చే మాట కూడా సిద్ధంగా ఉంది. "బడిల ఏ నీళ్ళు తాగుతుందో చెల్లె, అక్కడ..."

"ఆగు," అంది మమత. గొంతు పెంచలేదు. "జగిత్యాల పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళి అస్తున్న. గీ పళ్ళు ఇప్పటియి గావట. ఇది ఒళ్ళె ఉన్నప్పుడే సిగురు లోపట తయారైనయట. గప్పుడు తాగిన నీళ్ళే ఇప్పుడు బయటపడ్డయట. గప్పుడు బడి యాడిది? గప్పుడు ఇది తాగింది నీ నీళ్ళే."

మమత ఫిల్టర్‌ను నా ముందుకు జరిపింది.

"విప్పు. నా ముందట విప్పు."

విప్పాను. బిళ్ళ బల్ల మీద పెట్టాను. అరలో కొత్త బిళ్ళల డబ్బా ఉంది. ఆమె లేచి తనే ఒకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టింది. కొత్తదాని రంధ్రం కనీకనిపించనట్టుంది. పాతదాంట్లో అగ్గిపుల్ల దూరేలా ఉంది, అంచులు కాలి నల్లబడ్డాయి.

"గిది ఎవలు చేసిన్రు?"

అరిగిపోయిందని చెప్పొచ్చు. ఆమె నమ్మేదేమో కూడా. "నేనే చేసిన," అన్నాను. "నీళ్ళు వస్తలేవని మీ అత్త అడిగింది."

"మా అత్త అడిగితె విషం గూడ ఇస్తవా?"

బల్ల మీది బిళ్ళలతో ఆడుకుంటున్న శ్రీజ ఆగి తల్లి ముఖం చూసింది.

"మా అత్తకు తెల్వది. నాకు తెల్వది. గా ఊరంతట్ల తెల్సినోనివి నువ్వొక్కనివి. నేను పక్కింటికి పోతె గూడ సీసా వట్టుకపోయిన. అందరు నన్ను సూసి నవ్విన్రు. గింత కట్టం జేసి నేను దీనికి తాగవెట్టింది గదే బోరు నీళ్ళా? ఫిల్టర్ లేకుంటె లేకపాయె. ఉన్నదని నమ్మిన సూడు, గదీ నాకు మండుతాంది."

పసుపు రంగు గ్లాసు సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె బిళ్ళల డబ్బా ఎత్తి నా చేతిలో పెట్టింది. "నడువు. గిదే మాట ఇంటింటికి జెప్పాలె. నీ నోటితోని."

అదే రోజు వెళ్ళాం. మొదట ఆమె ఇంట్లోనే, రాజవ్వ ముందు. దారంతా ముసలామె మీద తప్పు ఎలా నెట్టాలో మనసులో మాటలు కూర్చుకుంటూనే ఉన్నానని ఒప్పుకోవాలి. రాజవ్వ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"అడిగింది నేనే. నాదే తప్పు," అంది, శ్రీజ గడ్డం పట్టుకుని పళ్ళు చూస్తూ. "కని నువ్ వద్దనాలె గద పిలగా. 'అవ్వా, పిల్లల పండ్లు పాడయితయి' అని ఒక్కమాటంటే నేను నీ గొంతు వడుతునా? నువ్ నవ్వుకుంట చేసిచ్చినవ్. నేను బంగారు కొడుకువన్న. నా నోట్లె మన్నువడ."

ప్రతి గడపలోనూ మమత ఒకే మాట అనేది: "గీయన జెప్తడు, ఇనుండ్రి." నేను చెప్పేవాణ్ణి, బిళ్ళ మార్చేవాణ్ణి. ఒక ఇంట్లో మగాయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకో ఇంట్లో తిట్టలేదు, తమ పిల్లల్ని పిలిచి ఒక్కొక్కరి పెదవి ఎత్తి చూపించారు. అది కాలర్ పట్టుకోవడం కంటే కష్టంగా ఉంది. ఒకామె మాత్రం, "మల్ల బొట్టుబొట్టే అంటే ఎట్లనమ్మా, సుట్టాలస్తే?" అంది.

"సుట్టాలు జెరసేపు కూసుంటరు తియ్యి అక్కా," అంది మమత. "రాత్రి నింపి పెట్టుకో, పొద్దుగాల కుండలకు వంపుకో." నేను మొదటిరోజు చెప్పాల్సిన మాట అది. ఆమెకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

మరునాడు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "నోరు మూసుకొని బిళ్ళలు మార్చి రావద్దా? ఊరంత దండోరా ఎందుకేసినవ్? సంస్థ పరువు ఏమయితది?" ఒకప్పుడు ఆయన మెప్పు కోసం నిలబడిన మనిషిని నేనే. ఆ రోజు ఫోన్‌లో నేనెన్నడూ ఎవరినీ తిట్టనంతగా తిట్టాను. తిట్టాక కూడా హాయిగా అనిపించలేదు. ఆయనకు కావలసింది ఫోన్లు రాకపోవడం. పిల్లల పళ్ళు పణంగా పెట్టి దాన్ని తెచ్చి ఇచ్చింది నేను. చాయ్ తాగుతూ నా దగ్గర సూది విద్య నేర్చుకున్న టెక్నీషియన్‌ను వెతికి పట్టుకుని, అతనితో కలిసి అతను చూసే తంగళ్ళపల్లి వైపు ఊళ్ళకు కూడా వెళ్ళాను. అక్కడా అదే మాట, అవే తిట్లు.

ఈ సంగతి నాకు నేర్పిన దాన్ని ఈ పనిలోకి వచ్చే వాళ్ళ కోసం రాస్తున్నాను. కరెంటు పనిలో తప్పు చేస్తే ఆ క్షణమే షాక్ కొడుతుంది. నీళ్ళ పనిలో తప్పు చేస్తే దండం పెడతారు. తప్పు బయటపడేసరికి ఏళ్ళు గడిచిపోతాయి, పాపం మోసేది ఇంకెవరో అవుతారు. కాబట్టి ఇంటివాళ్ళ మెప్పును పరీక్ష అనుకోవద్దు. నేను ఇప్పుడు గింజలు మార్చే ముందు పరీక్ష చేస్తాను, మార్చాక కాదు. చుక్కలు ఇంటి ఆడవాళ్ళ చేతనే వేయిస్తాను. పసుపు వస్తే పసుపు అనే చెప్తాను. నీళ్ళు త్వరగా రావాలని అడిగితే కాదంటాను. కాదన్నందుకు తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు.

శ్రీజ వెనక పళ్ళు కొన్ని ఇంకా చిగురు లోపల తయారవుతూనే ఉన్నాయి. పన్నెండేళ్ళు వచ్చేసరికి బయటికి వస్తాయి. ఆ ఇంటికి నెలనెలా వెళ్తాను. మమత చుక్కలు వేసి, రంగు చూసి గ్లాసు నా చేతికిస్తుంది. మొన్న గులాబీ రంగు నిలిచింది. ధైర్యం చేసి అడిగాను: "కోపం పోయిందా చెల్లె?"

"కోపమెందుకు పోతది? దాని పండ్ల మీది గార పోయిందా?"

పోలేదు. నా మీద నాకున్న కోపం కూడా పోలేదు. అది చల్లారిన రోజు మళ్ళీ ఎవరో ఒకరి ముఖం చూసి సరే అనేస్తానని నాకు భయం.